ఎముకల లెక్క, కండల లెక్క: సుశ్రుత సంహిత శారీరస్థానం – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

మనిషి దేహంలో ఎముకలెన్ని అన్న ప్రశ్నకు నేటి పాఠ్యపుస్తకం 206 అని జవాబిస్తుంది. చరక సంహిత 360 అంటుంది, సుశ్రుత సంహిత 300 అంటుంది. ఈ మూడు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టినప్పుడు మన చర్చలు సాధారణంగా రెండు దారుల్లో ఒకదాన్ని పడతాయి. ప్రాచీనులకు శరీరం తెలియదని తేల్చివేయడం ఒక దారి. దంతాలు, మృదులాస్థులు కలుపుకుంటే అంతా సరిపోతుందని సమర్థించడం రెండవది. రెండు దారుల్లోనూ ఎవరూ మూలంలోని పట్టికను అంకె అంకెగా కూడి చూడరు. ఆ పని చేస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. సుశ్రుతుని అస్థిగణన కొన్ని చోట్ల ఆధునిక గణనతో ఒక్క అంకె తేడా లేకుండా కలుస్తుంది, కొన్ని చోట్ల చాలా దూరం జరుగుతుంది. అదే అధ్యాయంలోని పేశీగణన మాత్రం ఎక్కడా కలవదు. ఒకే గ్రంథంలో, ఒకే అధ్యాయంలో ఈ అసమానత ఎందుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సుశ్రుత సంహిత కాలనిర్ణయం వివాదాస్పదమే. క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం దాకా వెనక్కి తీసుకువెళ్లినవారున్నారు, క్రీస్తుశకం తొలి శతాబ్దాలకు ముందుకు తెచ్చినవారూ ఉన్నారు. గ్రంథంలో పొరలున్నాయని మాత్రం అధికులు అంగీకరిస్తారు. కాలనిర్దేశం ఉన్న అతి ప్రాచీన తాళపత్ర ప్రతి నేపాల్‌లో లభించింది. అది క్రీ.శ. 878 నాటిది. మన పరిశీలనకు కాలం కన్న పద్ధతి ముఖ్యం.

360 ఎక్కడిది?

శారీరస్థానం ఐదవ అధ్యాయం పేరు శరీరసంఖ్యావ్యాకరణం. ఎముకల ప్రస్తావన మొదలుపెడుతూనే గ్రంథకర్త ఒక భేదాన్ని దాచకుండా చెబుతాడు: వేదవాదులు 360 అంటారు, శల్యతంత్రంలో మాత్రం 300 మాత్రమే. తన సంప్రదాయానికీ వేదవాదుల సంప్రదాయానికీ లెక్కలో తేడా ఉన్నదని ఒక శస్త్రవైద్యుడు ఇంత నిర్మొహమాటంగా అనడం గమనించదగిన విషయం.

వేదవాదుల సంఖ్యకు మూలం శతపథ బ్రాహ్మణంలో కనిపిస్తుంది. అగ్నిచయన ప్రకరణంలో వేదికను సంవత్సరంతోనూ, సంవత్సరాన్ని పురుషునితోనూ సమీకరిస్తారు. వేదిక చుట్టూ పేర్చే రాళ్లు 360, సంవత్సరంలో రాత్రులు 360, పురుషునిలో ఎముకలు 360. ఇక్కడ సంఖ్య ముందు పుట్టింది, ఎముకలు దానిలో ఇమిడాయి. చరకుడు శారీరస్థానం ఏడవ అధ్యాయంలో ఆ సంఖ్యను స్వీకరించి, దాన్ని నింపడానికి 32 దంతాలతో పాటు 32 దంతోలూఖలాలను, అంటే పళ్లు నాటుకొనే గుంటలను, 20 గోళ్లను కూడ చేర్చాడు. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ ఇదే 360 కనిపిస్తుంది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో 360 చెప్పి, ధన్వంతరి మతంలో 300 అని జతచేసి ఊరుకున్నాడు. అప్పటికి ఈ భేదం ఎవరూ శరీరం ముందు కూర్చుని పరిష్కరించని పాఠభేదంగా మారిపోయింది.

కాళ్లూ చేతులూ: 120

సుశ్రుతుడు 300 ఎముకలను మూడు భాగాలు చేశాడు. శాఖలలో, అంటే కాళ్లూ చేతులలో 120. మధ్యదేహంలో 117. మెడకు పైన 63.

ఒక కాలి లెక్క ఇలా సాగుతుంది. ఒక్కొక్క కాలివేలికి మూడు చొప్పున 15. అరికాలు, కూర్చం, చీలమండ ప్రాంతాలలో కలిపి 10. మడమలో 1. పిక్కలో 2. మోకాలిలో 1. తొడలో 1. మొత్తం 30.

నేటి శరీరనిర్మాణశాస్త్రం ప్రకారం ఒక కాలిలో, కటిఫలకాన్ని వదిలివేస్తే, తొడ ఎముక 1, మోకాలిచిప్ప 1, పిక్కలో 2, పాదంలో 26. మొత్తం 30. పాదంలోని 26లో వేళ్ల కణుపు ఎముకలు 14, వాటి వెనుక పొడవాటి ప్రపదాస్థులు 5, చీలమండ సమూహంలో మడమ ఎముకతో కలిపి 7. సుశ్రుతుని 15, 10, 1 కూడితే అదే 26.

వేళ్లలో 15 ఎందుకు, 14 కదా అని అడగవచ్చు. బొటనవేలికి రెండు కణుపులే ఉంటాయి, మిగిలిన నాలుగింటికి మూడేసి. సుశ్రుతుడు బొటనవేలికి కూడ మూడు ఇచ్చాడంటే దాని వెనుక ఉన్న ప్రపదాస్థిని వేలిలో భాగంగా లెక్కించాడని అనుకోవాలి. అప్పుడు ప్రపదాస్థులు నాలుగు, మడమ కాక చీలమండ ఎముకలు ఆరు, వెరసి 10. లెక్క అతుకుతుంది. ఇది వెకిలి సమర్థన కాదనడానికి రెండు ఆధారాలున్నాయి. చేతి బొటనవేలి విషయంలో రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ కూడ ఇలాగే దాని మూలాస్థిని కణుపుగా లెక్కించి, అరచేతిలో నాలుగు ఎముకలే అన్నాడు. రెండవది ఎముక పెరుగుదలకు సంబంధించినది. పిల్లల్లో పొడవాటి ఎముక చివర పెరుగుదల పలక ఉంటుంది. కణుపు ఎముకలకు అది మూలం వైపున ఉంటుంది. అరచేతి, అరికాలి పొడవాటి ఎముకలలో నాలుగింటికి వేళ్ల వైపు కొసన ఉంటుంది. బొటనవేలి వెనుక ఉన్న ఎముకకు మాత్రం కణుపులకు వలెనే మూలం వైపున ఉంటుంది. అంటే ఆ ఎముక స్వభావం ఏమిటన్న సందేహం నిజమైన సందేహమే.

చేతి విషయంలో సుశ్రుతుడు వేరే పట్టిక ఇవ్వలేదు. కాలికి చెప్పినదే రెండవ కాలికీ, చేతులకూ వర్తిస్తుందని ఒక్క వాక్యంలో ముగించాడు. ఇక్కడ జాగ్రత్త అవసరం. నేటి లెక్కలోనూ చేతిలో, భుజఫలకం, జత్రుక కాక, 30 ఎముకలే ఉన్నాయి: భుజాస్థి 1, ముంజేతిలో 2, మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. మొత్తం సరిపోయింది కాని వివరం సరిపోలేదు. కాలి నమూనాను చేతికి తొడిగితే హస్తంలో 26 వస్తాయి, వాస్తవానికి 27 ఉన్నాయి. మోకాలిచిప్పకు బదులు మోచేతిలో ఒక ఎముక రావాలి, అక్కడ విడి ఎముక లేదు. ఒక లోటు, ఒక అదనం ఒకదానినొకటి రద్దు చేసుకున్నాయి. మోచేతి కొస అరత్ని అనే ఎముకలో భాగం. బాల్యంలో ఆ కొస వేరే కేంద్రం నుంచి గట్టిపడి, యౌవనారంభంలో మాత్రమే తక్కిన ఎముకతో కలిసిపోతుంది. దాన్నే విడి ఎముకగా చూశారని వాదించవచ్చు. కాని చేతిని విడిగా చూడకుండా కాలి పోలికతో సరిపెట్టారన్నది అంతకన్న సరళమైన వివరణ. నాకు రెండవదే సమంజసంగా తోస్తుంది.

ఏమైనా నాలుగు శాఖల మొత్తం 120. నేటి మొత్తమూ 120.

మధ్యదేహం, శిరస్సు

కనుక 300కూ 206కూ నడుమ ఉన్న 94 తేడా అంతా మధ్యదేహంలోనూ తలలోనూ ఉంది. మధ్యదేహంలో శ్రోణిలో 5, రెండు ప్రక్కలలో 36 చొప్పున 72, వీపులో 30, రొమ్ములో 8, భుజప్రాంతంలో 2. మెడకు పైన గ్రీవలో 9, కంఠనాళంలో 4, దవడలో 2, దంతాలు 32, ముక్కులో 3, అంగిలిలో 1, చెక్కిలి, చెవి, కణతలలో రెండేసి చొప్పున 6, శిరస్సులో 6.

94లో 32 దంతాలవల్ల వచ్చినవి. మరో 48 ప్రక్కటెముకల వల్ల వచ్చినవి. నేడు 24గా లెక్కించేవాటిని సుశ్రుతుడు 72 అన్నాడు. ఎలా అన్నది చరకుడు, యాజ్ఞవల్క్యుడు స్పష్టం చేస్తారు: ప్రక్కటెముకలు 24, వాటి స్థాలకాలు 24, స్థాలకార్బుదాలు 24. ప్రక్కటెముక వెన్నుపూసతో అతుక్కునే చోట ఉన్న గుంటను, బుడిపెను విడివిడిగా లెక్కించారు. ఈ బుడిపెలు యౌవనంలో వేరే కేంద్రాల నుంచి గట్టిపడి, ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా అతుక్కోవన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈ రెండూ కలిపి 80. మిగిలిన 14 తేడా వెన్నులో, మెడలో, మృదులాస్థులలో హెచ్చుతగ్గులుగా పంచుకొని ఉంది. మెడలో వెన్నుపూసలు ఏడే అయినా 9 అన్నారు. కంఠనాళంలో ఉన్నవి మృదులాస్థులు. మరోవైపు ముఖంలోని చిన్న ఎముకలు చాలా వరకు తప్పిపోయాయి. చెవిలోపలి మూడేసి సూక్ష్మాస్థుల జాడ లేదు. వాటి సంగతి ఐరోపాకు కూడ పదహారవ శతాబ్దంలో గాని తెలియలేదు.

దవడలో రెండు ఎముకలన్నది ఆసక్తికరమైన అంశం. గాలెన్ కూడ కింది దవడలో రెండు ఎముకలనే అన్నాడు. ఆయన కోసి చూసినవి ఎక్కువగా కోతులు, ఇతర జంతువులు. ఆయన మాటను పదమూడు వందల ఏళ్లపాటు ఐరోపా శిరసావహించింది. దాన్ని తొలిసారి ప్రత్యక్షంగా ఖండించినవాడు అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ. 1200 ప్రాంతంలో ఈజిప్టును కరువు ఊచకోత కోసినప్పుడు గుట్టలుగా పడివున్న మానవ కంకాళాలను పరిశీలించి, తానూ ఇతరులూ రెండు వేలకు పైగా పుర్రెలు చూశామనీ, కింది దవడ ఎక్కడా అతుకు లేని ఒకే ఎముక అనీ రాశాడు. గాలెన్ కన్న కంటికి కనిపించేదే ప్రమాణమని ఆయన అన్న తీరు గొప్పది. 1543లో వెసేలియస్ తన ఫాబ్రికా గ్రంథంలో ఇదే సంగతిని, రొమ్ము ఎముకలో గాలెన్ చెప్పిన ఏడు భాగాలు మనిషికి లేవన్న సంగతిని నిరూపించాడు.

సుశ్రుతుని దవడ ఎందుకు రెండైంది? పుట్టిన శిశువుకు కింది దవడ రెండు ముక్కలుగానే ఉంటుంది, మొదటి సంవత్సరంలో కలుస్తుంది. రెండేళ్లలోపు పిల్లలను దహనం చేయకుండా ఖననం చేయాలని మనుస్మృతి చెబుతుంది. కనుక వైద్యులకు దొరికినవి శిశుదేహాలేనన్న ఊహ ఉంది. ఊహ ఆకర్షణీయమైనదే కాని అదే పట్టికలో 32 దంతాలున్నాయి. జ్ఞానదంతాలు వచ్చిన మనిషికి రెండు దవడ ముక్కలుండవు. ఒకే దేహాన్ని చూసి రాసిన పట్టిక కాదిది. కుడి, ఎడమల జంటగా ఆలోచించే అలవాటే ఇక్కడ రెండుగా మారి ఉండవచ్చు.

నీటిలో ఏడు రాత్రులు

ఈ అధ్యాయం చివర సుశ్రుతుడు శవపరీక్ష పద్ధతిని వివరించాడు. అవయవాలన్నీ ఉన్న, విషంతో చనిపోని, దీర్ఘవ్యాధికి లోనుకాని, నూరేళ్లు నిండని దేహాన్ని ఎంచుకోవాలి. పేగులలోని మలాన్ని తొలగించాలి. ముంజగడ్డి, నార, దర్భ, జనపనార వంటివాటితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో చాటున ఉన్న తావున నాననివ్వాలి. బాగా నానిన దేహాన్ని ఏడు రాత్రుల తరువాత పైకి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెలతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని లోపలి, వెలుపలి భాగాలన్నిటినీ కంటితో చూడాలి.

కత్తి వాడకుండా ఉండడానికి శవస్పర్శ నిషేధమే కారణమని తరచు అంటారు. కారణం ఏదైనా, ఫలితం ఏమిటన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న. ఏడు రోజులు నీటిలో నానిన దేహంలో ఏం మిగులుతుంది? ఎముక మిగులుతుంది. ఎముకను ఎముకకు కట్టే బంధనాలు, ఎముకకు కండను కట్టే తెల్లని స్నాయువులు చాలాకాలం నిలుస్తాయి. కండ మెత్తబడి, పొరల మధ్య హద్దులు చెదిరి, కుంచె కింద ముద్దగా ఊడిపోతుంది. ఈ పద్ధతి ఎముకను చూపిస్తూ కండను చెరిపివేస్తుంది.

పేశీగణనను ఈ వెలుగులో చూడాలి. సుశ్రుతుడు మాంసపేశులు 500 అన్నాడు: శాఖలలో 400, మధ్యదేహంలో 66, మెడకు పైన 34. స్త్రీలకు అదనంగా 20. ఒక కాలిలో వేళ్లకు మూడేసి చొప్పున 15, పాదాగ్రంలో 10, పాదం పైన 10, చీలమండ, అరికాలిలో 10, పిక్కలో 20, మోకాలిలో 5, తొడలో 20, గజ్జలో 10. మొత్తం సరిగ్గా 100. నేటి గణనలో ఒక కాలి కండరాలు, తుంటివి కలుపుకున్నా, 60కి అటూ ఇటూ మాత్రమే.

గుండ్రని అంకెలే మనకు అనుమానం కలిగించాలి. అంతకన్న బలమైన సాక్ష్యం వేళ్లది. వేళ్ల కణుపులలో కండరాలు లేవు. వేళ్లను కదిలించే కండలు పాదంలోనూ పిక్కలోనూ ఉంటాయి, వేళ్లలోకి వచ్చేది వాటి స్నాయువులు మాత్రమే. అయినా సుశ్రుతుని పట్టికలో వేలికి మూడు పేశులు, మొత్తం 15. ఇది అస్థిపట్టికలోని 15కు ప్రతిబింబం. ఎముకకు ఒక కండ ఉండాలన్న భావన ఇక్కడ చూపుకు బదులు పనిచేసింది. ఎముకల దగ్గర శల్యతంత్రం వేదసంఖ్యను కాదన్నది. కండల దగ్గరకు వచ్చేసరికి అదే శల్యతంత్రం తనదైన ఒక సంఖ్యాచట్రాన్ని తయారుచేసుకున్నది.

విధుల విషయంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. చెట్టు లోపలి చేవతో నిలిచినట్టు దేహం ఎముకలతో నిలుస్తుందన్నాడు. పలకలను త్రాళ్లతో బిగించిన పడవ బరువును మోసినట్టు సంధులు స్నాయువుల బిగింపుతో భారం మోస్తాయన్నాడు. రెండు ఉపమానాలూ యంత్రనిర్మాణం తెలిసినవాడివి. పేశుల దగ్గర మాత్రం అవి సిరలను, స్నాయువులను, అస్థిసంధులను కప్పి ఉండడం వల్ల వాటికి బలం కలుగుతుందన్నంతే. కండ ముడుచుకుని ఎముకను లాగుతుందన్న ఆలోచన అక్కడ లేదు.

హోర్న్లే సవరణలు

ఈ పట్టికలను క్రమబద్ధంగా పరిశీలించిన తొలి ఆధునికుడు రుడాల్ఫ్ హోర్న్లే. 1907లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడిన ఆయన ప్రాచీన భారతీయ అస్థిశాస్త్ర గ్రంథం నేటికీ తప్పించుకోలేనిది. సుశ్రుతుని జ్ఞానం పట్ల ఆయనకున్న గౌరవమే ఆయన బలహీనత కూడ. ప్రచారంలో ఉన్న పాఠం చెడిపోయిందని భావించి, ఆధునిక శాస్త్రానికి దగ్గరగా వచ్చేటట్టు దాన్ని సవరించి, ఆ సవరించిన పాఠం ఆధునిక శాస్త్రానికి దగ్గరగా ఉన్నదని ఆశ్చర్యపడ్డాడు. కాలి లెక్కకు ఏ సవరణా అక్కరలేదని పైన చూశాం. మెడలోని తొమ్మిదిని ఏడు చేయడం మన పని కాదు.

ఇంకొక పేరు మనవాళ్లు తరచు సగమే చెబుతారు. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో శవచ్ఛేదనం చేసిన మధుసూదన్ గుప్తను తొలి భారతీయ శవచ్ఛేదకుడిగా కీర్తిస్తాం. ఆయనే ఆ రోజుల్లోనే, 1835–36లో, సుశ్రుత సంహితను తొలిసారి అచ్చులో ప్రకటించిన సంపాదకుడు. నీటిలో నానబెట్టమన్న అధ్యాయాన్ని దిద్దిన చేయే కత్తి పట్టింది. ఈ రెండు పనుల నడుమ ఆయన మనసులో విరోధం ఉన్నదనడానికి ఆధారం లేదు.

విరిగిన ఎముక

శస్త్రవైద్యుడికి ఎముకల సంఖ్య ఎందుకు? సంఖ్య కన్న ఎక్కువగా అతనికి కావలసింది రకం. సుశ్రుతుడు ఎముకలను కపాల, రుచక, తరుణ, వలయ, నలక అని ఐదు రకాలు చేశాడు. పలకల వంటివి, దంతాలు, లేతవి, వంపు తిరిగినవి, గొట్టాల వంటివి. ఈ విభజన ప్రయోజనం నిదానస్థానంలోని భగ్నాధ్యాయంలో తెలుస్తుంది: తరుణాస్థులు వంగుతాయి, నలకాస్థులు విరుగుతాయి, కపాలాస్థులు బీటలు వారుతాయి, రుచకాలు చిట్లుతాయి. మృదులాస్థిని ఎముకలలో కలపడం నేటి దృష్టికి తప్పు. దెబ్బ తగిలినప్పుడు ఏది ఎలా ప్రవర్తిస్తుందన్న దృష్టికి అది తప్పు కాదు.

అక్కడ విరుపులు 12 రకాలు, సంధులు తొలగడాలు 6 రకాలు. చికిత్సలో రావి, మోదుగ, మేడి, మద్ది వంటి చెట్ల బెరళ్లు, వెదురు బద్దలతో కట్టు కట్టాలి. కట్టును చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో ఐదు రోజులకు, ఎండకాలంలో మూడు రోజులకు విప్పి మార్చాలి. తొడ, పిక్క విరిగినవాడిని తలుపుచెక్క మీద పడుకోబెట్టి, కదలకుండా ఐదు చోట్ల మేకులు బిగించాలి. చిన్నవయసులో నెలకు, నడివయసులో రెండు నెలలకు, ముదిమిలో మూడు నెలలకు అతుకు గట్టిపడుతుంది. ఈ అంకెలకు ఏ యజ్ఞవేదికతోనూ పనిలేదు. మనకు సుపరిచితమైన పుత్తూరు కట్టులోనూ వెదురు బద్దలే కనిపిస్తాయి. అంతమాత్రాన దాన్ని సుశ్రుతుని నుంచి నేరుగా దిగివచ్చిన పరంపర అనలేం. వెదురు తేలిక, గట్టిది, ఊరూరా దొరికేది. ఒకే అవసరం, ఒకే వస్తువు రెండు చోట్ల ఒకే కట్టును పుట్టించవచ్చు.

మాటల తొలగింపు

తెలుగులో ఈ గ్రంథాన్ని బోధించేవారికి పారిభాషిక పదాల వద్ద ఒక చిక్కు ఎదురవుతుంది. స్నాయువు అన్న మాట సుశ్రుతునిలో కట్టే నారలన్నిటికీ వర్తిస్తుంది, వాటి సంఖ్య 900. మన పాఠ్యపుస్తకాలలో స్నాయుబంధనం, సంధిబంధనం అని రెండుగా చీలింది. బెంగాలీలో అదే మాట నాడికి పేరైంది. వాడుకలో మనం నరం అన్నప్పుడు రక్తం పారేదీ, నొప్పి తెలిపేదీ, బిగుసుకునేదీ అన్నీ ఒకటే. కనుక బెంగాలీ అనువాదాల మీదుగా వచ్చిన వ్యాఖ్యలను చదివేటప్పుడు 900 స్నాయువులు 900 నాడులుగా మారే ప్రమాదం ఉంది.

అంతకన్న పెద్ద చిక్కు కండరం. నేడు తెలుగులో ఆ మాటకు పేశి అనే అర్థం. సుశ్రుతునిలో కండరలు 16 మాత్రమే: పాదాలలో 4, చేతులలో 4, మెడలో 4, వీపులో 4. అవి కండలు కావు, లావైన స్నాయువులు. మడమ వెనుక చేతికి తగిలే తాడు వంటివి. తెలుగులో కండ అన్న దేశ్యపదం పక్కనే ఉండడం వల్ల సంస్కృత కండర దాని వైపు ఒరిగి ఉంటుందని నా ఊహ. ఏమైనా నీటిలో కరగకుండా మిగిలిన దాని పేరు మన భాషలో కరిగిపోయిన దానికి అంటుకున్నది. షోడశ కండరలను పదహారు కండరాలని అనువదించి, ప్రాచీనులకు పదహారు కండరాలే తెలుసునని తరగతిలో చెప్పేముందు, అదే అధ్యాయంలో కొన్ని పుటల తరువాత వచ్చే 500 పేశులను కూడ విద్యార్థి చేత చదివించాలి.